గుణాలు లేవన్న దేవుడికి వేయి నామాలు

ప్రశ్న: మా నాన్నగారికి 8 నెలల క్రితం పక్షవాతం వచ్చింది. అప్పటి నుంచి మా అమ్మ రోజూ సాయంత్రం ఆయన మంచం పక్కన కూర్చుని విష్ణు సహస్రనామం చదువుతోంది. నేను ఏడాదిగా వేదాంత ప్రసంగాలు వింటున్నాను. బ్రహ్మం నిర్గుణమనీ, దానికి ఏ విశేషణమూ అంటదనీ విన్నాక 'దయామయా' అని పిలవడమే అర్థం లేని పనిగా తోస్తోంది. ఒకరోజు ఉండబట్టలేక, 'గుణాలే లేనివాడికి దయ ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా?' అనేశాను. అమ్మ ఏమీ అనకుండా పుస్తకం మూసి లోపలికి వెళ్లిపోయింది. మరునాడు మళ్లీ చదివింది గాని, నన్ను పక్కన కూర్చోమని పిలవడం మానేసింది. మా ఆఫీసులో ఒక క్రైస్తవ స్నేహితురాలు తమ మతంలో ఈ చిక్కే లేదంటుంది. ఇంతకీ దేవుడికి గుణాలు ఉన్నాయా, లేవా? లేకపోతే అమ్మ ప్రార్థన ఎవరికి చేరుతోంది? నమ్మకం కుదరకుండా నేనూ పక్కన కూర్చుని ఆ నామాలు చదివితే అది ఆత్మవంచన కాదా?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: మీరు అడిగిన మూడింటిలో రెండో ప్రశ్న మొదటిదాని మీద ఆధారపడి ఉంది. మూడోది మాత్రం మీరు అనుకుంటున్నంతగా ఆ రెండింటి మీదా ఆధారపడి లేదు; ఆ సంగతి చివర చెబుతాను. బ్రహ్మం నిర్గుణమన్నది వేదాంతులందరూ ఒప్పుకున్న తుది తీర్పు అనీ, గుణాలు చెప్పి పిలవడం తెలియనివాళ్ల కోసం ఇచ్చిన వెసులుబాటు అనీ మీ ఉత్తరం ధ్వనిస్తోంది. మీరు విన్న ప్రసంగకర్త తప్పు చెప్పారని నేను అనను. ఆయన చెప్పినది శంకరాచార్యుల అద్వైత పక్షం, అదీ అందులో ఒక భాగం. ఆ పక్షాన్ని కాదన్నవాళ్లు చదువు తక్కువైనవాళ్లు కారు. వాళ్లు ముందు పెట్టుకున్న ఉపనిషత్తులూ అవే, ఉపనిషత్తుల తాత్పర్యాన్ని చిన్న వాక్యాల్లో కూర్చిన బ్రహ్మసూత్రాలూ అవే.

అమ్మగారు చదివే గ్రంథం నుంచే మొదలుపెడదాం. మహాభారతంలోని ఆనుశాసనిక పర్వంలో అంపశయ్య మీది భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన ఈ నామాల్లో 'అణుర్బృహత్కృశః స్థూలో గుణభృన్నిర్గుణో మహాన్' అన్న పంక్తి ఒకటి ఉంది. అణువంతవాడు, బృహత్తైనవాడు, కృశించినవాడు, స్థూలమైనవాడు అంటూ ఎదురెదురు మాటలను జంటలుగా పేరుస్తూ వచ్చి, గుణాలను ధరించినవాడు అన్న నామం పక్కనే నిర్గుణుడు అన్న నామాన్ని ఉంచింది ఆ పంక్తి. మీరు ప్రసంగంలో కొత్తగా విన్నాననుకున్న మాటను మీ అమ్మగారు ప్రతి సాయంత్రమూ పలుకుతూనే ఉన్నారన్నమాట. నిర్గుణ వాదాన్ని ఆమెకు మీరు తెలియజెప్పవలసిన పని లేదు. అది ఆమె నోట ఒక నామంగా ఎప్పుడో చేరింది. ఇక తేలవలసినది, ఆ రెండు నామాలూ ఒకరికే ఎలా చెల్లుతాయన్నది.

ఈ స్తోత్రానికి ప్రసిద్ధమైన వ్యాఖ్యలు రెండున్నాయి. ఒకటి శంకరాచార్యుల పేరిట ప్రచారంలో ఉన్న భాష్యం. రెండోది రామానుజుల శిష్యుడు కూరత్తాళ్వారు కుమారుడైన పరాశర భట్టరు రాసిన 'భగవద్గుణదర్పణం'. వేయి నామాలూ భగవంతుడి గుణాలను చూపే అద్దమని ఆ పేరే చాటుతోంది. శంకర భాష్యం ప్రకారం, సృష్టి స్థితి లయాలు నడిపేటప్పుడు సత్త్వ రజస్తమస్సులకు అధిష్ఠాతగా ఉంటాడు కనుక ఆయన గుణభృత్తు. వస్తుతః ఆయనలో గుణం లేదు కనుక నిర్గుణుడు. దానికి ప్రమాణం శ్వేతాశ్వతరోపనిషత్తు ఆరో అధ్యాయం 11వ మంత్రంలోని 'సాక్షీ చేతా కేవలో నిర్గుణశ్చ' అన్న వాక్యం. రామానుజుల పక్షంవాళ్లు, అంటే విశిష్టాద్వైతులు, ఆ మంత్రాన్ని కాదనరు. అయితే అదే అధ్యాయంలో మూడు మంత్రాల ముందు, అంటే 8వ మంత్రంలో, 'పరాస్య శక్తిర్వివిధైవ శ్రూయతే స్వాభావికీ జ్ఞానబలక్రియా చ' అని ఉంది కదా అంటారు. ఆయన శక్తి బహువిధమైనదనీ, జ్ఞానమూ బలమూ క్రియా ఆయనకు స్వాభావికమనీ చెప్పిన ఉపనిషత్తు, మూడు మంత్రాలు తిరగకుండానే తన మాట తానే కొట్టేసుకుంటుందా? కాబట్టి నిర్గుణమంటే ప్రకృతికి సంబంధించిన సత్త్వ రజస్తమస్సులు లేనివాడు, హేయమైన గుణాలు లేనివాడు అనే అర్థమనీ, కల్యాణగుణాలను, అంటే మేలైన గుణాలను, ఆ మాట తాకనే తాకదనీ వాళ్ల వాదం.

బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం రెండో పాదంలో 'న స్థానతోఽపి పరస్యోభయలింగం సర్వత్ర హి' అన్న సూత్రం దగ్గర ఈ పోరు ఇంకా ముదురుతుంది. పరమాత్మకు రెండు రకాల లక్షణాలు, అంటే సవిశేషత్వమూ (గుణాలూ భేదాలూ ఉండటం) నిర్విశేషత్వమూ (అవి లేకపోవడం), ఒకేసారి ఉండలేవని సూత్రం చెబుతోందనీ, కనుక నిర్విశేషమే నిలుస్తుందనీ శంకరులు అన్వయించారు. రామానుజులు అదే సూత్రాన్ని విరిచిన తీరు వేరు. జీవులలో అంతర్యామిగా ఉన్నా పరమాత్మకు వాళ్ల దోషాలు అంటవు, ఎందుకంటే శ్రుతి అంతటా ఆయన దోషరాహిత్యం, కల్యాణగుణ పూర్ణత అనే రెండు గుర్తులతోనే కనబడుతున్నాడు అని ఆయన అన్వయం. బృహదారణ్యకంలోని 'నేతి నేతి' గురించీ ఇదే తగవు. శంకరులకు అది బ్రహ్మం మీద మనం పేర్చిన రూపాలన్నింటినీ తోసివేసే వాక్యం. 'ప్రకృతైతావత్త్వం హి ప్రతిషేధతి' అన్న సూత్రాన్ని పట్టుకుని రామానుజులు, అక్కడ శ్రుతి నిషేధించింది 'ఇంత మాత్రమే' అన్న హద్దును గాని, గుణాలను కాదన్నారు. సంస్కృతం వచ్చినవాళ్లు ఈ రెండు భాష్యాలనూ పక్కపక్కన పెట్టుకుని ఈ పాదం ఒక్కటి చదివినా చాలు, వేదాంతం ఒకే గొంతుతో మాట్లాడుతుందన్న భ్రమ వదులుతుంది.

ఇంత పెద్దవాళ్లు ఇంతగా విభేదించడానికి కారణం గ్రంథాల అన్వయంలో మాత్రమే లేదు. అడుగున ఒక నిజమైన తాత్త్విక సమస్య ఉంది. దేవుడికి జ్ఞానం 'ఉంది' అన్నామనుకోండి. ఆ జ్ఞానం ఆయనకంటే వేరా, ఆయనేనా? వేరైతే, తనకంటే వేరైన మరొక వస్తువు వల్ల ఆయన సర్వజ్ఞుడవుతున్నాడు. దేని మీదా ఆధారపడనివాడన్న మాటకు అక్కడితో భంగం. ఆయనే అయితే, 'దేవుడికి జ్ఞానం ఉంది' అన్న వాక్యం 'దేవుడికి దేవుడు ఉన్నాడు' అన్నట్టు అవుతుంది. పైగా జ్ఞానమూ ఆయనే, శక్తీ ఆయనే అయితే జ్ఞానమూ శక్తీ ఒకటే కావాలి. ఏ మతంలోనైనా దేవుడి గుణాల గురించి శ్రద్ధగా ఆలోచించినవాళ్లు ఈ ముడి దగ్గరికి రాక తప్పలేదు. ఎవరు దీన్ని ఎలా విప్పారో, విప్పినందుకు ఏమి చెల్లించారో చూస్తేనే మీ మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

నైయాయికులకు, అంటే న్యాయమనే తర్కశాస్త్ర పక్షంవాళ్లకు, ఈ ముడి అసలు భయం పుట్టించలేదు. గుణం ద్రవ్యంకంటే వేరు, అయితే ద్రవ్యంలో సమవాయం అనే నిత్య సంబంధంతో ఉంటుంది అన్నది వాళ్లకు మొదటి పాఠం. ఆ లెక్కన ఈశ్వరుడూ ఒక ఆత్మద్రవ్యమే కాబట్టి ఆయనకూ గుణాలు లెక్కగట్టారు: సంఖ్య, పరిమాణం, పృథక్త్వం, సంయోగం, విభాగం అనే సామాన్య గుణాలు అయిదు, జ్ఞానం, ఇచ్ఛ, ప్రయత్నం అనే విశేష గుణాలు మూడు, వెరసి ఎనిమిది. మన పాఠశాలల్లో తర్కం మొదలుపెట్టిన ప్రతి విద్యార్థీ చదివే 'తర్కసంగ్రహం' రాసిన అన్నంభట్టు తెలుగువాడే. ఆయన ఈశ్వరుణ్ణి సర్వజ్ఞుడైన పరమాత్మ, ఒక్కడే అని ఒక్క వాక్యంలో తేల్చి, జీవాత్మల సంగతికి వెళ్లిపోయాడు. మీరు వెదుకుతున్న దయ ఆ ఎనిమిదింటిలో లేదు. కానీ న్యాయభాష్యం రాసిన వాత్స్యాయనుడు, బిడ్డలకు తండ్రి ఎలాగో భూతాలకు ఈశ్వరుడు అలాంటి ఆప్తుడని రాశాడు. పట్టికలో చోటు దొరకని గుణం ఉపమానంలోంచి లోపలికి వచ్చిందన్నమాట.

రామానుజుల దారి వేరు. గుణం వేరే గాని, విడదీయరానిది. దీపానికి దాని కాంతి ఎలాగో అలాగ. కాంతి దీపం కాదు, అయినా దీపాన్ని వదిలి కాంతి, కాంతిని వదిలి దీపం ఉండవు. ఆయన అద్వైతులకు వేసిన ఎదురు ప్రశ్న నాకు ఎప్పటికీ బలమైనదిగానే కనిపిస్తుంది. ప్రత్యక్షమైనా, అనుమానమైనా (అంటే ఊహించి తేల్చుకోవడం), శబ్దమైనా (అంటే ఆప్తవాక్యం), తెలుసుకునే ఏ సాధనమైనా, అంటే ఏ ప్రమాణమైనా ఏదో ఒక విశేషం గల వస్తువునే పట్టి ఇస్తుంది. ఏ విశేషమూ లేని వస్తువు ఉన్నదని ఏ ప్రమాణంతో చెబుతారు? మధ్వాచార్యులు (1238–1317) గుణాలు భగవంతుడికంటే వేరు కావనే అన్నారు. అయినా ఒక్కొక్క గుణాన్ని విడిగా పేర్కొనడానికి వీలు కల్పించే 'విశేషం' అనేది వస్తువులోనే ఉంటుందని చెప్పి, గుణపూర్ణుడన్న మాటను నిలబెట్టుకున్నారు.

శంకరుల పక్షం ఈ ముడిని విప్పడానికి పూనుకోదు, కోసేస్తుంది. తైత్తిరీయంలోని 'సత్యం జ్ఞానమనంతం బ్రహ్మ' అన్న వాక్యంలో ఆ మూడు మాటలూ బ్రహ్మానికి మూడు గుణాలను తగిలించడం లేదనీ, అసత్యం, జడం, పరిమితం అయినవాటి నుంచి మన దృష్టిని తప్పించి వస్తువును సూచిస్తున్నాయనీ ఆ పక్షం. దీనికి చెల్లించవలసిన మూల్యం చిన్నది కాదు: ప్రపంచమూ, జీవుడూ, ఈశ్వరుడూ కనిపించే తీరును వివరించడానికి అవిద్యను, అంటే ఉన్నదాన్ని మరుగుపరిచి లేనిదాన్ని చూపే అజ్ఞానాన్ని, తేవాలి. ఆ అవిద్య ఎవరిది, ఎక్కడ ఉంటుంది అని రామానుజులు ఏడు అనుపపత్తులు, అంటే పొసగని చోట్లు, చూపిస్తే, వాటికి జవాబులూ ప్రతిజవాబులూ శతాబ్దాలు సాగాయి. రామానుజుల పక్షం చెల్లించే మూల్యం మరో చోట ఉంది, దాని దగ్గరికి త్వరలోనే వస్తాను. మీ ఇంటికి సంబంధించినది అదే.

మీ స్నేహితురాలి మాట సంగతి. క్రైస్తవంలో ఈ చిక్కు లేదనడం నిజం కాదు. మధ్వుల కాలంలోనే ఐరోపాలో జీవించిన థామస్ అక్వైనాస్ (1225–1274) దేవుడిలో ఏ విధమైన కూర్పూ లేదనీ, ఆయన మంచితనమూ, జ్ఞానమూ, ఉనికీ ఆయనే అనీ వాదించాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియని ఇద్దరు ఒకే శతాబ్దంలో ఒకే చోటికి ఇంత దగ్గరగా రావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అక్వైనాస్‌కు ముందు యూదు తాత్త్వికుడు మైమొనిడీస్ (1138–1204) ఇంకా దూరం వెళ్లి, దేవుడి గురించి ఆయన ఏమి కాడో చెప్పవచ్చు, ఆయన చేసిన పనుల గురించి చెప్పవచ్చు, అంతకు మించి ఆయనకు ఏ గుణమూ తగిలించరాదన్నాడు. అక్వైనాస్ దీన్ని ఒప్పుకోలేదు. 'దేవుడు మంచివాడు' అంటే 'మంచికి కారణం దేవుడు' అనే అర్థమైతే, దేహాలకూ ఆయనే కారణం కనుక 'దేవుడు దేహం' అనీ అనవచ్చు కదా అని అడిగాడు. మంచి అన్న మాట మనకూ దేవుడికీ అచ్చంగా ఒకే అర్థంలో చెల్లదు, పూర్తిగా వేరైన అర్థంలోనూ చెల్లదు, సాదృశ్యంతో చెల్లుతుంది అన్నది ఆయన మధ్యేమార్గం. గుణమే దేవుడైతే దేవుడు ఒక గుణమైపోతాడు, మనిషి మొర వినే వ్యక్తి ఎలా అవుతాడు అని అమెరికా తాత్త్వికుడు ఆల్విన్ ప్లాంటింగా 1980లో అచ్చయిన ఒక చిన్న పుస్తకంలో అక్వైనాస్‌నే నిలదీశాడు. ఇస్లాంలో ముఅతజిలీలు అనే తాత్త్విక వర్గంవాళ్లు దేవుడికి ఆయనకంటే వేరైన గుణాలు లేవంటే, వాళ్లకు ఎదురు నిలిచిన అష్అరీ పక్షం వాళ్లు ఆ గుణాలు ఆయనే కావు, ఆయనకంటే వేరూ కావు అన్నారు. ఈ జాబితాను మీ స్నేహితురాలిని ఓడించడానికి వాడకండి.

ఇప్పుడు దయ. మీ అమ్మగారిని మీరు అడిగిన మాటలో గుచ్చుకునే ముల్లు ఇదే. మనుషుల్లో దయ అంటే ఎదుటివాడి బాధ చూసి మనసు కరగడం. బాధే అంటనివాడి మనసు కరుగుతుందా? కరిగితే ఆయన ఆనందమయుడు ఎలా అవుతాడు? కరగకపోతే దానికి దయ అన్న పేరెందుకు? ఈ ప్రశ్న మీకు ముందే పెద్దపెద్దవాళ్లకు వచ్చింది. వేదవిధులకు అర్థం తేల్చే మీమాంస శాస్త్రంలో పెద్ద పండితుడైన కుమారిల భట్టు ఇంకా నిర్దాక్షిణ్యంగా అడిగాడు: కరుణతో లోకాన్ని సృష్టించాడంటారు, సృష్టికి ముందు బాధపడేవాడే లేడు గదా, ఎవరి మీద కరుణ? పోనీ కరుణే కారణమైతే సుఖం మాత్రమే ఉన్న లోకాన్ని సృష్టించి ఉండేవాడు కదా? వేదాన్ని ప్రాణంగా భావించిన మనిషి అడిగిన ప్రశ్న ఇది. కాబట్టి ఇలాంటి సందేహం వచ్చినందుకు మీరు సంప్రదాయానికి దూరమైపోయానని అనుకోనక్కరలేదు.

శ్రీవైష్ణవుల్లో తెంకలై, వడకలై శాఖల మధ్య ఉన్న భేదాల్లో ఒకటి సరిగ్గా దీని మీదే. బయటివాళ్లకు ఆ రెండు శాఖలంటే నామం పెట్టుకునే తీరు మాత్రమే గుర్తొస్తుంది గాని, తగవు లోతైనది. పరుల దుఃఖం చూసి తానూ దుఃఖించడమే దయ, భగవంతుడు అలా దుఃఖిస్తాడు అని తెంకలై పక్షం. పరుల దుఃఖాన్ని తొలగించాలన్న సంకల్పమే దయ, భగవంతుడికి దుఃఖం అంటగట్టనవసరం లేదు అని వడకలై పక్షం. అక్వైనాస్ కూడా దేవుడి కరుణ ఫలితంలో ఉంటుంది గాని మనసు కలతపడటంలో ఉండదన్నాడు. అంటే ఆయన ఓటు వడకలై వైపే. నా మటుకు నాకు తర్కం వడకలై వైపు మొగ్గుతుంది. కానీ మంచం పక్కన కూర్చున్న మనిషి తెంకలై దేవుణ్ణే కోరుకుంటుందని కూడా నాకు తెలుసు, ఆ కోరికను అజ్ఞానమని తోసివేయడానికి నాకు మనసొప్పదు.

వడకలై వారికి ఆచార్యుడైన వేదాంత దేశికులు తిరుమల శ్రీనివాసుడి దయ మీద 'దయాశతకం' చెప్పారు. దయను ఒక దేవిగా ముందు నిలబెట్టి ఆయన అనే మాట ఒకటి గుణాల చర్చ మొత్తానికి కీలకం: జ్ఞానం, బలం, ఐశ్వర్యం, వీర్యం, శక్తి మొదలైన ఈ వేంకటగిరి వాసుడి గుణాలన్నీ, దయా, నీవు తోడు లేకపోతే దోషాలైపోతాయి. ఆలోచించి చూడండి. అన్నీ తెలిసి, అన్నీ చేయగలిగి, దయ లేనివాడు ఎంత భయంకరుడు! మనం చేసిన ప్రతి తప్పూ ఎరిగి, శిక్షించే శక్తి గలవాడు మాత్రమే మిగులుతాడు. మరో చోట ఆయన, నేను అపరాధాలకు చక్రవర్తిని, నీవు గుణాలకు సార్వభౌమురాలివి అంటారు. సర్వజ్ఞత, సర్వశక్తి, దయ అనే మూడింటినీ ఒక వరసలో సమానంగా పేర్చి, ఇవి పొసగుతాయా అని లెక్క చూడటం పాశ్చాత్య గ్రంథాల్లో మామూలు. దేశికులు వరస పెట్టరు, పీట వేస్తారు. ఆ పీట మీద దయను కూర్చోబెట్టి తక్కిన గుణాలను దాని కొలువులో నిలబెడతారు. అంత మాత్రాన కుమారిలుడి ప్రశ్న తీరిపోయిందని నేను అనను. రామానుజుల పక్షం చెల్లించే మూల్యం ఇక్కడే ఉంది: గుణాలు నిజమంటే, దయ నిజమంటే, లోకంలోని బాధకు జవాబుదారీ కూడా నిజమవుతుంది. బ్రహ్మసూత్రాలు 'వైషమ్యనైర్ఘృణ్యే న సాపేక్షత్వాత్' అన్న చోట, పక్షపాతమూ క్రూరత్వమూ ఈశ్వరుడికి అంటవు, ఆయన జీవుల కర్మను అనుసరించి ఫలమిస్తున్నాడు అని చెబుతాయి. మొదటి కర్మ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే సంసారం అనాది అని తర్వాతి సూత్రం. శాస్త్రచర్చలో దీనికి చోటుంది. మీ నాన్నగారి గదిలో లేదు. ఇంటికి వచ్చిన చుట్టాల్లో ఎవరైనా 'ఏ జన్మలో చేసుకున్నదో' అని మొదలుపెడితే మర్యాదగా మాట మార్చండి. ఆ సూత్రం ఈశ్వరుణ్ణి నింద నుంచి తప్పించడానికి పుట్టింది, రోగిని నిందించడానికి కాదు.

ఇక రెండో ప్రశ్న. అమ్మగారి ప్రార్థన ఎవరికి చేరుతోంది? రామానుజులు, మధ్వులు, నైయాయికులు చెప్పే జవాబులో మీకు చిక్కు లేదు. అద్వైతం ప్రకారమే చూద్దాం, ఎందుకంటే మిమ్మల్ని కలవరపెట్టింది అది. 'ఫలమత ఉపపత్తేః' అన్న సూత్రానికి శంకరులు రాసిన భాష్యంలో, కర్మఫలాన్ని ఇచ్చేవాడు ఈశ్వరుడేనని స్పష్టంగా ఒప్పుకున్నారు. క్షణంలో నశించే కర్మ తనంతట తాను ఫలమివ్వలేదు గదా అన్నది యుక్తి. పరమార్థంలో, అంటే అంతిమ సత్యం దృష్టిలో, గుణాలు లేవన్న మాట నిజమే. అయితే ఆ పరమార్థంలో మీ అమ్మగారు, మంచం, మీ నాన్నగారి జబ్బు, ప్రశ్న అడిగిన మీరు కూడా విడిగా లేరు. వ్యవహారంలో, అంటే మనం రోజూ బతికే ఈ లోకం దృష్టిలో, మీరు ఎంత నిజమో, దయగల ఈశ్వరుడూ అంత నిజం. మీరు చేసింది ఏమిటంటే, దేవుణ్ణి మాత్రం పరమార్థానికి పంపించి, మీరూ మీ అమ్మగారూ వ్యవహారంలోనే ఉండిపోయి, అక్కడి నుంచి 'నీకు దయ ఎక్కడిది' అని అడిగారు. అద్వైతం అలా సగం మెట్లు ఎక్కనివ్వదు. ఎక్కితే ఇద్దరూ ఎక్కాలి.

భాగవతంలోని గజేంద్రుడి కథ ఇంతకంటే ముందుకు వెళుతుంది. ఆ ఏనుగు ఏ దేవుడి పేరూ ఎత్తదు. జగత్తు ఎవడి వల్ల పుట్టి ఎవడిలో లీనమవుతుందో, లోకాలన్నీ అణగిపోయాక మిగిలే పెంజీకటికి అవతల ఎవడు వెలుగుతాడో, వాణ్ణి కొలుస్తానంటుంది. సంస్కృత మూలంలో శుకుడు ఆ స్తుతిని 'ఉపవర్ణితనిర్విశేషం' అన్నాడు, అంటే ఏ విశేషమూ చెప్పకుండా చేసినది. తమ తమ పేర్లకూ రూపాలకూ కట్టుబడిన బ్రహ్మాదులు అందుకే అది తమను పిలిచినది కాదనుకుని రాలేదు. అన్నీ తానైన హరి వచ్చాడు. పోతన దీన్నే 'విశ్వమయత లేమి', అంటే తాము విశ్వమంతా నిండినవాళ్లు కాకపోవడం, అని వాళ్లు ఊరుకున్న కారణంగా చెప్పాడు. నిర్గుణమని పిలిస్తే ఎవరూ పలకరన్న మీ అనుమానానికి ఈ కథ నేరుగా ఎదురు చెబుతోంది. దాన్ని తాత్త్విక రుజువుగా తీసుకోమనను. మన సంప్రదాయం ఈ సమస్యను ఎలా ఊహించుకుందో తెలియడానికి చెబుతున్నాను.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు అడిగితే, మనం వాడే ప్రతి మాటా మన కొలతకు కోసుకున్నదేనన్న శంకరుల హెచ్చరికను నేను మనసులో ఉంచుకుంటాను, కానీ దాన్ని నోరు మూయించే ఆజ్ఞగా తీసుకోను. దేవుడి దయ మన దయ లాంటిది కాదు అనడం వేరు, దేవుడికి దయ లేదు అనడం వేరు. రెండో వాక్యం కూడా దేవుడి గురించి ఏదో తెలిసినట్టే మాట్లాడుతుంది. నిర్దయ అన్నదీ ఒక గుణమే కదా. నిర్గుణ వాదాన్ని నిజంగా పట్టినవాడు 'దయ లేదు' అని కూడా అనలేడు. ఆ రోజు మీరు అమ్మగారితో అన్నది అద్వైతం కూడా కాదమ్మా, బాధ.

మూడో ప్రశ్నకు జవాబు చిన్నది. స్తోత్రం చదవడం కోర్టులో ప్రమాణపత్రం మీద సంతకం పెట్టడం కాదు. ప్రతి నామానికీ ముందుగా మనసులో సాక్ష్యం కుదిరితేనే నోరు విప్పాలన్న నియమం ఏ ఆచార్యుడూ పెట్టలేదు. అదే గజేంద్రుడు ప్రార్థన మధ్యలో 'కలడు కలండనెడివాడు కలడో లేడో' అన్నాడు. ఆ అనుమానం ప్రార్థనకు బయట లేదు, లోపలే ఉంది; పోతన దాన్ని తీసేయలేదు, భక్తులు ఆ పద్యం దాటవేయకుండానే చదువుతారు. నమ్మినట్టు నటించి అమ్మగారి దగ్గర మెప్పు పొందాలనుకుంటే అది వంచన. సందేహం ఉన్న మాట దాచకుండా, ఆమెతో కలిసి ఆ మాటలు పలికితే అది వంచన కాదు. చదవడానికి ఇప్పుడే మనసు రాకపోతే ఊరికే కూర్చుని వినండి. ఆ రోజు అన్న మాట నొప్పించిందని తెలుసునని ఒక్కసారి చెప్పండి. వాదం మళ్లీ ఎత్తకండి. తర్వాత ఎప్పుడైనా తీరిక చూసుకుని, 'గుణభృన్నిర్గుణో' అన్న చోట ఆమెకు ఏమని తోస్తుందో అడిగి తెలుసుకోండి. ఏళ్ల తరబడి చదివినవాళ్ల దగ్గర ఇలాంటి నామాలకు సొంత అర్థాలు ఉంటాయి. సహస్రనామానికి తెలుగు తాత్పర్యంతో రెండు సంప్రదాయాల వ్యాఖ్యలూ దొరుకుతాయి. ప్రసంగాలకు ఒక నెల విరామమిచ్చి వాటిలో రోజుకు నాలుగైదు నామాలు చూడటం మీకు ఎక్కువ ఉపయోగం.

చివరగా ఒక సంగతి అడగాలి. మీ ఉత్తరంలో మీరూ, అమ్మగారూ, దేవుడూ ఉన్నారు గాని నాన్నగారి మనసులో ఏముందో ఒక్క మాటా లేదు. పక్షవాతం వచ్చినవాళ్లు కొందరికి మాట పడిపోయినా ఎదుటివాళ్ల మాటలు బాగానే అర్థమవుతాయి. మీ ఇద్దరి సంభాషణ ఆయన మంచం పక్కనే జరిగి ఉంటే, ఆయన అంతా విని ఉండవచ్చు. సాయంత్రం ఆ స్తోత్రం వినడం ఆయనకు ఇష్టమేనా, ఇష్టమైతే ఏ వేళ, ఎంతసేపు, ఎవరు చదివితే బాగుంటుంది అని మాటతోనో, తల ఊపడంతోనో, చెయ్యి నొక్కడంతోనో ఆయన చెప్పగలిగిన పద్ధతిలో ఆయన్నే అడిగి చూడండి.